అర్జీలో మొదటి మాట

ఈ రోజు మధ్యాహ్నం మా వయోజన విద్యా కేంద్రంలో నా పరువు పోయింది. నరసాపురం దగ్గర లేసు అల్లే ఆడవాళ్ల పేటకు కుళాయి వేయించమని పంచాయతీకి అర్జీ రాసి, నా దగ్గర చదువు నేర్చుకుంటున్న ఆ ఆడవాళ్లందరినీ సంతకాలు చేయమన్నాను. వాళ్లలో మరియమ్మ సంతకం మాని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదటి వాక్యం చదివింది.

"ఏంటండీ మాస్టారూ, 'చదువురాని నిరుపేద స్త్రీలము' అని రాశారు? మరి ఇప్పుడు చదివిందెవరండీ?"

"అర్జీ అంటే అలాగే రాస్తారమ్మా," అన్నాను.

"అయితే మీ పేరు పెట్టి ఇచ్చుకోండి," అని కాగితం నా ముందుకు తోసింది. మిగతావాళ్లూ పెన్నులు మూసేశారు.

ఇంటికొచ్చి నాలుగుసార్లు తిరగరాశాను. ఆ మాట కొట్టేస్తే అర్జీ మొదలవడమే లేదు. బతిమాలకుండా కుళాయి అడగడం నాకూ ఎవరూ నేర్పలేదు. మీకెవరికైనా వస్తే చెప్పండి. రేపు క్లాసుకు మరియమ్మ అందరికంటే ముందొచ్చి కూర్చుంటుంది.