పాత మేస్త్రిని అడిగిన ఆదివారం

మా ఊళ్లో ఈ సంగతి తప్పుగా చెప్పుకుంటున్నారు. లైబ్రరీ పుస్తకాలు చదివి చదివి నాకు తల తిరిగిందట. ఇజ్రాయెల్‌లో మంచి పని దొరికిన మేస్త్రిని నేనే పోనీయకుండా చెడగొట్టానట. పోయినసారి సెలవు మీద వెళ్లినప్పుడు బస్టాండులో ఒకాయన నా ముఖం మీదే అన్నాడు. నిజానికి నేను అతన్ని వెళ్లమనే చెప్పాను. నోటితో కాదు, నోటు పుస్తకంలో రాసి చదివి మరీ చెప్పాను. ఆ రాతలో తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. ఆ దేశానికి పనికి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. దుబాయ్‌లో నైఫ్ అనే పేటలో ఒక గదిలో కింద చాప మీద కూర్చుని మాట్లాడుకున్న మాటలు ఎవరూ రాసిపెట్టరు కాబట్టి నేనే రాస్తున్నాను.

నేను ఇంటర్ మొదటి ఏడాది దాటలేదు. నైఫ్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణానికి స్టోర్ కీపర్‌ని. అయినా చదువుకున్నవాడినని చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు. ఊరి మధ్య సముద్రపు పాయ, అదే క్రీకు, దాని దగ్గరున్న పబ్లిక్ లైబ్రరీకి పదేళ్లుగా వెళ్తున్నాను. మొదట వెళ్లింది ఏసీ కోసమే, ఆ మాట దాచను. తర్వాత అట్లాసులు చూడడం అలవాటైంది. ఆ తర్వాత డిక్షనరీ పక్కన పెట్టుకుని చరిత్ర పుస్తకాలు మొదలుపెట్టాను. ఒక్క పేజీకి గంట పట్టిన రోజులున్నాయి. ఇప్పుడు డిక్షనరీ అవసరం పెద్దగా పడదు. గదిలో ఎవరికి ఏ అనుమానం వచ్చినా నన్నే అడుగుతారు, అడగాలని నేనూ కోరుకుంటాను.

2023 చివర్లో గాజా యుద్ధం మొదలైనప్పుడు గదిలో మేం ఆరుగురం ఉండేవాళ్లం. వాదన మాత్రం ఇద్దరి మధ్యే. ఒకరు నరసాపురం వైపు నుంచి వచ్చిన క్రైస్తవుడు, ఆసుపత్రిలో నర్సు. అందరం ఆయన్ని బ్రదర్ అంటాం. రెండోవాడు మా ఊరి మేస్త్రి, వరసకు నాకు తమ్ముడు. ఆదివారం బ్రదర్ ప్రార్థన నుంచి తిరిగొచ్చి, అందరం అన్నాలు తిన్నాక మొదలయ్యేది.

"తెల్లారేసరికి ఇజ్రాయెలోళ్ల ఇళ్లల్లో దూరి చంపేశారండీ. ముసలమ్మల్ని కూడా ఎత్తుకుపోయారు. దానికి మీ పుస్తకాలు ఏం చెబుతాయి మాస్టారూ?" అనేవాడు బ్రదర్.

నేను నోరు తెరిచేలోపు మేస్త్రి అందుకునేవాడు. "మరి గాజాల పోరగాండ్లు ఎవల్ని ఎత్కపోయిన్రు బ్రదర్? ఇండ్లకు ఇండ్లే కూలవట్టె."

"అది యుద్ధం కదండీ."

"ఒకలకు ఇమానాలున్నయ్, ఒకలకు తాగ నీళ్లు సుత లెవ్వు. గది యుద్ధమెట్లయితది?"

"అలాగని బలం లేనోడు ఏం చేసినా చెల్లిపోద్దా? బక్కోడు బలిసినోణ్ణి కత్తితో పొడిస్తే, ఆణ్ణి మా వార్డుకి తెస్తే, పాపం బక్కోడని పోలీసులు ఒదిలేస్తారేంటండీ?"

"పొడిసినోన్ని పట్టుకొమ్మను. వాని వాడకట్టు మొత్తానికి కరెంటు తీస్తరా?"

ఇక్కడికి వచ్చేసరికి గొంతులు లేచేవి. మనది కాని దేశంలో ఇలాంటి మాటలు గట్టిగా మాట్లాడకూడదని ఎవరో ఒకరు లేచి కిటికీ వేసేవారు.

మేస్త్రికి ఇది ఊరికే వాదన కాదు. అతని కంపెనీ ప్రాజెక్టు అయిపోయింది. మేనేజరు, అదే ముదీర్, పిలిచి ఇక పని ఖలాస్ అనేశాడు. రెండు నెలల్లో వీసా రద్దవుతుంది. అదే సమయంలో జగిత్యాల ఏజెంటు ఫోన్ చేశాడు. ఇజ్రాయెల్ తన దగ్గర పనిచేసే పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసిందనీ, గిలాబు, అంటే గోడల పూత, టైల్స్ పనికి మన దేశం నుంచి మనుషుల్ని తీసుకుంటున్నారనీ, జీతం ఇక్కడికంటే చాలా ఎక్కువనీ చెప్పాడు. మేస్త్రి పనితనం నాకు తెలుసు. ఏ పరీక్ష పెట్టినా నెగ్గుతాడు. కానీ అతను ఏజెంటుకు మాట ఇవ్వలేకపోతున్నాడు.

దానికి కారణం యుద్ధ భయం కాదు. మా వైపు తాపీ పనివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒక మేస్త్రి సగంలో వదిలిన గోడ మీద ఇంకో మేస్త్రి చెయ్యి పెట్టాలంటే, ముందు ఆ పాత మేస్త్రి దగ్గరికి వెళ్లి అడగాలి. ఎందుకు వదిలావు, నీకు రావాల్సింది వచ్చిందా, నేను పట్టుకోవచ్చా అని. అతను ఊఁ అంటేనే తాపీ తీయాలి. మేస్త్రి వాళ్ల నాన్న ఒకసారి అడగకుండా ఒక ఇల్లు పట్టుకున్నాడు. ఆ ఏడంతా అతనికి పరంజా కట్టడానికి తోడు ఎవరూ రాలేదు.

"అన్నా, ఆడ పనులు సగంల ఆగినయట. చేసెటోళ్లను రానిస్తలేరట. గా గోడలు ఎవలయి? నేను పోతే తప్పయితదా? సదువుకున్నోనివి, నువ్వే తేల్చు" అన్నాడు.

తేల్చమని అడిగితే ఆగే మనిషిని కాను. మూడు వారాలు, సెలవు దొరికిన ప్రతి పూటా లైబ్రరీలో కూర్చున్నాను. నోటు పుస్తకంలో పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు ఒకరు చేసిన తప్పులు, కుడివైపు ఇంకొకరు చేసినవి రాశాను. ఒకవైపు ఎక్కువైతే రెండోవైపు కోసం ఇంకో పుస్తకం తీశాను. చివరికి రెండు వరుసలూ ఒకే చోట ముగిశాయి. అంత సమంగా రావడం నా పనితనమే అనుకుని మురిసిపోయాను.

ఆదివారం గదిలో తీర్పు చదివాను. ఇద్దరిదీ తప్పే. మన ఊరి పంచాయతీలో ఇద్దరు కొట్టుకుంటే ఇద్దరికీ దండగ వేస్తారు. ఇదీ అంతే. నువ్వు మూడోవాడివి, నీకు ఏ పాపమూ అంటదు, వెళ్లు.

బ్రదర్ చప్పట్లు కొట్టాడు. "బాగుందండీ మాస్టారూ. పరీక్ష రాసినోళ్లందరికీ ఒకే మార్కులు. పేపర్లు దిద్దే బాధ తప్పింది."

మేస్త్రి మాత్రం నవ్వలేదు. "పొమ్మంటున్నవ్, మంచిదే. మరి పాత మేస్త్రిని అడగద్దా?"

"ఎవరినని అడుగుతావు తమ్మీ? ఎక్కడున్నాడని?"

"మా ముఅల్లిం తమ్ముడు గాడనే చేసేటోడు."

ముఅల్లిం అంటే సైట్‌లో పెద్ద మేస్త్రి. ఆయన పాలస్తీనా వాడు, వెస్ట్ బ్యాంక్‌లో ఒక పల్లె నుంచి ముప్పై ఏళ్ల కిందట గల్ఫ్‌కు వచ్చాడు. మేస్త్రి ఏడేళ్లు ఆయన కిందే పనిచేశాడు. ఆయన తమ్ముడు రోజూ చెక్‌పోస్టు దాటి ఇజ్రాయెల్ వైపు గిలాబు పనికి వెళ్లేవాడు. యుద్ధం మొదలయ్యాక పర్మిట్ ఆగిపోయి ఇంట్లో కూర్చున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరం అబ్రా పడవ ఎక్కి క్రీకు దాటి బర్ దుబాయ్‌లో ఆయన ఫ్లాటుకు వెళ్లాం. నోటు పుస్తకం తీసుకెళ్లాను. తీసుకెళ్లకుండా ఉండాల్సింది, కానీ అప్పుడు నాకు అదే పెద్ద బలం.

"బైఠో, బైఠో" అని కూర్చోబెట్టి, ఏదో ఆకు వేసిన టీ ఇచ్చాడు. ఆయన మాట్లాడేది సైట్ హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నేను పుస్తకం తెరిచి, రెండు వరుసలూ హిందీలోకి మార్చి చదువుతూ పోయాను. ఆయన అడ్డు రాలేదు. చివర్లో నా తీర్పు కూడా విన్నాడు.

"నువ్వు రాసినవి జరగలేదని నేను అనను. ఆ రోజు ఇళ్లల్లో దూరి చంపినవాళ్లు చేసింది హరామ్, మహాపాపం. నా మనుషులు చేశారు కాబట్టి నాకు సిగ్గు ఇంకా ఎక్కువ" అన్నాడు. తర్వాత నా పుస్తకం వైపు చూపించి అడిగాడు. "ఇందులో నా తమ్ముడు ఏ వైపున ఉన్నాడు?"

పేజీలు తిప్పాను. ఆయన తమ్ముడు ఎవరినీ కొట్టలేదు, కొట్టమని చెప్పలేదు. ఎడమవైపూ లేడు, కుడివైపూ లేడు.

"పోనీ, అతని పర్మిట్ ఆపినవాడు?"

మళ్లీ తిప్పాను. అతనూ లేడు. నేను రాసినవన్నీ దెబ్బలు. ఎవరు ఎప్పుడు ఎవరిని ఎంత కొట్టారన్నదే రాశాను. గేటు తాళం ఎవరి దగ్గరుందో, నీళ్లు ఎవరు వదులుతారో, ఎవరి కాగితం లేకపోతే ఎవరు ఇల్లు కదలలేరో రాయడం నాకు తట్టలేదు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, సంతకం లేనిదే ఇంటికి వెళ్లలేని రోజులు చూసినవాడిని. నాకే తట్టలేదు. నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను.

మేస్త్రి నన్ను పట్టించుకోకుండా తను వచ్చిన పని చెప్పాడు. మా వైపు కట్టుబాటు ఇదీ అని వివరించాడు. ముఅల్లిం ఫోన్ తీసి తమ్ముడికి వీడియో కాల్ చేశాడు. అవతల ఒక మనిషి ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అన్నకంటే ముసలివాడిలా కనిపించాడు. మేస్త్రి లేచి నిలబడి సలాం చెప్పాడు. హిందీలో అడిగాడు, ముఅల్లిం అరబ్బీలో చెప్పాడు. నువ్వు వదిలిన పని నన్ను పట్టుకోమంటున్నారు, పట్టుకోవచ్చా అని.

అవతలి మనిషి మొదట నవ్వాడు. తర్వాత అన్నదాన్ని ముఅల్లిం ఒక్కో ముక్కగా చెప్పాడు.

"నన్ను అడిగినవాడివి నువ్వొక్కడివే. నేను వద్దంటే నువ్వు ఆగుతావు, సరే. అందువల్ల నన్ను గేటులోకి రానిస్తారా? రానివ్వరు. సరే వెళ్లు అంటే నేనే ఇచ్చినట్టవుతుంది. నా చేతిలో లేనిదాన్ని నేను ఎట్లా ఇస్తాను?"

తర్వాత అవతలి మనిషి పని సంగతికి వచ్చాడు. తను చివరిగా చేసింది మూడో అంతస్తు మెట్లట. పైనుంచి రెండో మెట్టు ఎత్తు కొంచెం తక్కువ వచ్చిందట, సరిచేసేలోపే పని ఆగిందట. ఎవరు పట్టుకున్నా అది చూసుకోవాలి, లేకపోతే ముసలివాళ్లు పడిపోతారు అన్నాడు. ఎట్లా సరిచేయాలో చేత్తో చూపించాడు. మేస్త్రి కూడా ఇటునుంచి చేత్తో చూపించాడు. భాష రాని ఇద్దరూ ఆ మెట్టు గురించే చాలాసేపు మాట్లాడుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు అబ్రాలో మేస్త్రి అన్నాడు. "ఊఁ అనలె. ఉహూఁ అనలె. అనలేని మనిషిని అడిగి, అడిగిన అని చెప్పుకుంట ఎట్ల పోతనే?"

నేను అప్పుడు కూడా వెళ్లమనే అన్నాను. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది. "నువ్వు పోకపోతే ఇంకొకడు పోతాడు తమ్మీ. వీసా అయిపోతోంది. ఏం చేస్తావు మరి?"

"పొయ్యెటోన్ని పోనీ, నేనేమంట? ఈ దేశంలనే రువైస్ల కంపెనీ క్వార్టర్లకు మరమ్మతు పని ఉన్నదట. అగ్గువ జీతమే. అయినా పోత." అబ్రా దిగగానే, బట్టల మూటలు మోసేవాళ్ల మధ్యే నిలబడి ఏజెంటుకు ఫోన్ చేసి రానని చెప్పేశాడు. నిర్ణయం అతనిది. నేను చెడగొట్టలేదు, బాగుచేయనూ లేదు.

ఆ వారమే నోటు పుస్తకం మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి నిలువు గీత కొట్టలేదు. రెండు ప్రశ్నలు విడివిడిగా పెట్టుకున్నాను. ఎవరు ఏం చేశారు అన్నది ఒకటి. దానికి ఎవరి చేతికి వాళ్లే జవాబుదారీ. చంపినవాడు బలహీనుడైనంత మాత్రాన ఆ హత్య కడుక్కుపోదు. బ్రదర్ మాట నిజం. ఇది ఇలాగే సాగాలా, మారాలా అన్నది ఎవరి చేతిలో ఉంది అన్నది ఇంకొకటి. తాళం ఎవరి దగ్గరుందో, రోజూ సాగుతున్నదానికి వాళ్ల బాధ్యత ఎక్కువ. మేస్త్రి మాట కూడా నిజం. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండోదానికి అతికించడమే నేను చేసిన తప్పు. ఇద్దరికీ సమంగా దండగ వేసే పంచాయతీలో ఎప్పుడూ లాభపడేది బలమున్నవాడే. ఇది నేను ఎవరి ముందైనా చెప్పగలను.

బ్రదర్‌కు చదివి వినిపించాను. "గేటు ఎందుకు మూశారో కూడా రాయండి మాస్టారూ. వాళ్లకీ పిల్లలున్నారు, వాళ్లకీ భయం ఉంటది. భయపడ్డోడు తలుపేసుకోడా?" అన్నాడు. అదీ రాశాను. భయం నిజమేననీ, అయితే వాళ్లు మూసిన ఆ తలుపు అవతలివాడి ఇంటిదనీ రాశాను. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆదివారాల్లో వాదిస్తాడు. మా ఊరి నుంచి ఇద్దరు ఆ దేశానికి వెళ్లారు. వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల ఇంట్లో పరిస్థితి నాకు తెలుసు.

సాయపడిన వాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞత చెప్పాలని ఉంది. కానీ ఒక్క పేరు రాసినా మిగతావాళ్లు బయటపడతారు. అందుకని పేర్లు లేకుండానే చెబుతున్నాను. నేను అడిగిన పుస్తకం లేదనకుండా ఇంకో శాఖ నుంచి తెప్పించిన లైబ్రరీ ఆవిడకు కృతజ్ఞతలు. నా రాతలో తనకు నచ్చని వాక్యాలను కూడా ఉంచమన్న బ్రదర్‌కు కృతజ్ఞతలు. ఇంట్లో కూర్చోబెట్టి నా తప్పును నాకు నెమ్మదిగా చూపించిన ముఅల్లింకు కృతజ్ఞతలు. రువైస్ నుంచి ఫోన్‌లో ఇదంతా విని, తన మాటలు తను అన్నట్టే ఉన్నాయని చెప్పిన మేస్త్రికి కృతజ్ఞతలు.

మెట్ల మేస్త్రికి ఎలా చెప్పాలో తెలియక మా మేస్త్రినే అడిగాను. "శుక్రియా గిక్రియా ఏం వద్దన్నా. పని దొరికిందా అని అడుగు, గది సాలు" అన్నాడు. ముఅల్లిం ద్వారా అడిగించాను. ఇంకా లేదన్నాడు.