ఆపరేషన్‌కు ముందు లడ్డూ ముక్క

పిల్లలకు ఆపరేషన్ చేయించే తల్లుల్లో ఒక్కరైనా జాగ్రత్తపడతారని ఇది రాస్తున్నాను. నేను పదో తరగతే చదివాను. మిగతా చదువంతా నర్సీపట్నం లైబ్రరీలోనే.

మా పాప బిందు టాన్సిల్స్ ఆపరేషన్‌ను వేసవి సెలవుల మొదట్లో పెట్టించాను. బడి పోదు, నెలాఖరున అరకు ప్రయాణమూ ఆగదు. ఆ రోజు పొద్దున్న పాపకేమీ పెట్టవద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను.

ఆసుపత్రిలో పాపకు గౌను తొడుగుతుంటే నోట్లోంచి నెయ్యి వాసన వచ్చింది. అత్తయ్య వైపు చూశాను.

“గుడిలో ఇచ్చిన లడ్డూ ముక్కేనమ్మా. పెసాదం కూడా తిండేనేటి?”

మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని పుస్తకంలో చదివాను. స్ట్రెచర్‌కు అడ్డంగా నిలబడి, “ఆపండి! పాప తినేసింది!” అని అరిచాను.

ఆపరేషన్ ఆపేశారు. రెండు వారాల తర్వాత గానీ తేదీ దొరకలేదు. ఆ తర్వాత కోలుకునే రోజులూ కలిసి అరకు ప్రయాణం పోయింది.

“అరకు ఏటీ పారిపోదు. పిల్ల దక్కింది, అదే సాలు,” అని అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. రెండోసారి పాప పక్కన తనే కాపలా కూర్చుంది. ఆపరేషన్ చక్కగా జరిగింది.

తినకూడదని చెప్పానే గానీ, ఎందుకు తినకూడదో అత్తయ్యకు చెప్పలేదు. చదివింది నాలోనే దాచుకోవడం నా తప్పు.

నా కేక విని వెంటనే ఆగిన నర్సు మేరీ గారికి, అరకులో గదులు రద్దు చేసిన చెల్లెలు లక్ష్మికి, ఆ పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ రమణ గారికి, మా అత్తయ్య సత్యవతి గారికి నా కృతజ్ఞతలు.