పరాయి కంపెనీ మెమరీ

నా ల్యాప్‌టాప్ ఒక్క ఫొటో తెరిచేలోపు నేను బియ్యం కడిగి ఎసట్లో పోసి వచ్చేదాన్ని. అబద్ధమనుకునేవాళ్లు అప్పట్లో బోధన్‌లో మా ఇంటికి వచ్చి చూడాల్సింది. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్కుల్లో ఫొటోలు తెచ్చిస్తారు. నేను వాటిని ఏరి, పేజీలుగా పేర్చి, ప్రింటుకు పంపిస్తాను. డిగ్రీ చదివి ఇదేం పని అని మూతి తిప్పిన బంధువులున్నారు. వాళ్ల పిల్లల ఆల్బమ్‌లూ నేనే చేశాను. వాళ్ల మొహాల మీద ముడతలు ఎన్ని చెరిపానో వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు, అందుకే ఇప్పుడు మాట్లాడరు.

ఆ పొద్దున నేను తమ్మీ అని పిలిచే ఫొటోగ్రాఫర్ వర్ని ఊళ్లో జరిగిన పెళ్లి డిస్కుతో వచ్చాడు. రైస్ మిల్లు వాళ్లమ్మాయి పెళ్లి. డిస్కు నా చేతిలో పెట్టలేదు, తన చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, గీ ఆల్బమ్ నువ్వు జేస్తవా, హైదరాబాద్ పంపియ్యాల్నా? ఒక్కటే మాట చెప్పు."

"ఎందుకు పంపుతవ్ తమ్మీ? నా చేతులేమన్న పడిపోయినయా?"

"నీ చేతులు మంచిగనే ఉన్నయక్కా. నీ మిషినే ముసల్దైంది. పోయినసారి పార్టీవోళ్లు వచ్చి గంట సేపు తెర మీద గా గుండ్రం తిరుగుడే చూసి పోయిండ్రు. వాళ్ల పెళ్లిల గూడ గన్ని చుట్లు తిరుగలే."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. కోపాన్నే బయటికి చూపించాను. చివరికి ఒప్పందం ఇదీ: రేపు సాయంత్రం అతను వచ్చి నా పక్కన కూర్చుంటాడు. అతని కళ్ల ముందు పేజీలు ఆగకుండా కదిలితే వర్ని పెళ్లే కాదు, ఈ సీజన్ పెళ్లిళ్లన్నీ నావే. కదలకపోతే అన్నీ హైదరాబాద్‌కే. అప్పుడు గానీ డిస్కు నా చేతిలో పెట్టలేదు.

జబ్బు ఏమిటో నాకు ముందే తెలుసు. మెమరీ తక్కువ. మెమరీ అంటే వంటింటి గట్టు లాంటిది. జానెడు జాగాలో ముప్పై మందికి వండమంటే ఎంత గొప్ప వంటమనిషైనా గిన్నెలు కింద పెట్టడం, పైన పెట్టడం దగ్గరే తెల్లవారుతుంది. ల్యాప్‌టాప్ కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాను. ఒక తియ్యటి గొంతు, మా కంపెనీ మెమరీ రావడానికి రెండు వారాలు పడుతుంది, బయటిది వేస్తే గ్యారంటీ పోతుంది మేడం అంది. నా గ్యారంటీ పోయి రెండేళ్లయింది, లేనిది ఇంకోసారి ఎట్లా పోతుందమ్మా అని అడిగాను. ఆ గొంతు కొత్త మోడల్ గురించి చెప్పడం మొదలుపెట్టింది. పెట్టేశాను.

డిస్కులోంచి ఫొటోలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కడానికి పూటంతా పడుతుంది కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచి, మోడల్ వివరాలు ఫోన్‌లో ఫొటో తీసుకుని మర్నాడు పొద్దున్నే నిజామాబాద్ బస్సెక్కాను. దారంతా చెరుకు ట్రాక్టర్ల వెనకే. డ్రైవర్ హారన్ కొడుతుంటే నేను లోపల్లోపల ఇంకా గట్టిగా కొడుతున్నాను.

నేను వెళ్లిన కంప్యూటర్ల దుకాణం వాళ్లది రేడియోల కాలం నుంచి ఉన్న ముస్లిం కుటుంబం. ఇప్పుడు కౌంటర్ మీద ఉన్నాయన నా ఈడువాడు. ఫొటో చూసి, అలమరలోంచి వేలెడంత ఆకుపచ్చ ముక్క తీసి పెట్టాడు. ఒక అంచు పొడుగునా సన్నని బంగారు గీతలు.

"గిది ఎవలది భాయ్?"

"మెమరీ కంపెనీది మేడం."

"నా ల్యాప్‌టాప్ కంపెనీది కాదు గద?"

"ల్యాప్‌టాప్ కంపెనీవోళ్లు గూడ బయటనే కొని, మీద వాళ్ల స్టిక్కర్ అతికిస్తరు. ఖుల్లా మాట అడుగుతున్న, మీకు స్టిక్కర్ కావాల్నా, మాల్ కావాల్నా?"

"మాలే కావాలె. గాని మాల్ మంచిదని నాకెట్ల తెలుస్తది?"

మా బాపు ఇదే ఊళ్లో, మార్కెట్ యార్డులో పసుపు అమ్మాడు. అక్కడ కొనేవాడు ఎవడైనా సరే రాశిలోంచి ఒక కొమ్ము తీసి విరుస్తాడు. చప్పుడు వింటాడు, లోపలి రంగు చూస్తాడు, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. నేను ఆ రాశుల మధ్య పెరిగినదాన్ని. డబ్బా మీది బొమ్మ చూసి కొనమంటే నా వల్ల కాదు. ఆ సంగతే ఆయనతో చెప్పాను.

"అయితె గిప్పుడు దీన్ని విరిచి చూపియ్యమంటరా మేడం?"

"విరవకు. నడిపి చూపియ్యి."

ఆయన ఒక నిట్టూర్పు విడిచి, రిపేరుకు వచ్చిన ఒక ల్యాప్‌టాప్ వెనక మూత విప్పి, ముక్క పెట్టి ఆన్ చేశాడు. ఎనిమిది జీబీ అని తెర మీద పడింది. నా సంబరం ఆయనకు తెలియనివ్వలేదు. ఊఁ, పర్వాలేదు అన్నాను. నా కళ్ల ముందే తీసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి నా చేతికిచ్చాడు.

"తడి చేతులతోని ముట్టకుండ్రి మేడం."

"నాకు తెలువదా? అన్ని వీడియోలు చూసిన."

మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. ఫొటోలు ఎక్కడం అయిపోయింది. డబ్బా బల్ల మీద పెట్టి, ఆకలి వేస్తుంటే ముందు రెండు ముద్దలు తిన్నాను. తర్వాత కిటికీ పరదా వేసి, ఫ్యాన్ ఆపి, ల్యాప్‌టాప్ బోర్లా తిప్పి స్క్రూలు విప్పాను. పాత మెమరీ పక్కన ఖాళీ గూడు, నా కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంది. కొత్త ముక్క ఏటవాలుగా దూర్చి నొక్కితే టక్కుమని కూర్చుంది. మూత బిగించి బటన్ నొక్కాను.

తెర నల్లగా ఉంది. ఇంకోసారి నొక్కాను. నలుపే. కొత్త ముక్క తీసేసి నొక్కితే పాతదానితో మామూలుగా లేచింది. అంటే తప్పు కొత్తదానిదే. గడియారం చూశాను. ఫొటోగ్రాఫర్ వచ్చే వేళ దగ్గర పడుతోంది. ఫోన్ తీశాను.

"భాయ్, చూపిచ్చింది ఒకటి, కట్టింది ఒకటి! మీద మంచి కొమ్ములు పోసి కింద పుచ్చు కొమ్ములు నింపేటోళ్లను చిన్నప్పటి సంది చూస్తున్న. నా దగ్గర గా ఆట నడువది."

"తోబా తోబా! మీ కండ్ల ముందల తీసి మీ చేతులనే పెట్టిన గద మేడం. మార్చెటందుకు నాకేమన్న జాదూ వస్తదా?"

"జాదూ రాకుంటె తెర ఎందుకు నల్లగున్నది?"

"సరిగ కూసోలేదేమో. తీసి మల్ల పెట్టుండ్రి. నేను లైన్లనే ఉంట."

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని డబ్బాలోంచి ముక్క తీశాను. ఈసారి పరదా తొలగించి వెలుతురులో పట్టుకున్నాను. నా బొటనవేలు పచ్చగా ఉంది. వాసన చూశాను. ఆ వాసన నాకు నిద్రలో కూడా తెలుస్తుంది.

"అత్తమ్మా!"

మా అత్తమ్మ వంటింట్లోంచి తీరిగ్గా వచ్చింది. "ఏందే, గట్ల ఒర్రుతున్నవ్?"

"దీనికి పసుపు పెట్టినవా?"

"పెట్టిన. కొత్త సామాన్ పసుపు పెట్టకుంట వాడుతరా? బాయికాడి మోటరుకు పెట్టలే? ఫ్రిజ్జుకు పెట్టలే? నువ్వు తినుకుంట కూసుంటివి, నేనే తీసి పెట్టిన. గా మెరిసే అంచు పొంటి సన్నగ, ముద్దుగ రాసిన. అచ్చం మన తలుపు కడప లెక్కనే ఉండె."

బంగారు గీతల మీద ఇంటి పసుపు. పైగా ఆరిపోయింది. పరదా వేసిన గదిలో నాకు ఎట్లా కనిపిస్తుంది? రెండూ ఒకే రంగు! కరెంటు పోవాల్సిన దారులన్నీ మూసేసి, లక్ష్మీదేవికి మాత్రం తలుపు తెరిచి పెట్టింది మా అత్తమ్మ.

ఫోన్‌లో ఆయనకు అంతా వినిపించింది. నవ్వు ఆగడం లేదు. "మేడం, మెమరీకి హల్దీ చేసిండ్రా? దుల్హన్ లెక్క తయారు చేసి పంపిస్తున్నరు లోపలికి!"

"నవ్వకు భాయ్. తప్పు నీది కాదు, ఒప్పుకుంటున్న. అట్లని నువ్వు మంచోనివని గూడ అంటలేను." పెట్టేశాను.

పెన్సిల్ రబ్బరు వెతికి గీతల మీద మెల్లగా రుద్దడం మొదలుపెట్టాను. పచ్చటి పొట్టు రాలుతోంది. అత్తమ్మ పక్కనే నిలబడింది.

"పెట్టిన పసుపు తుడుస్తరా? అరిష్టం గాదా?"

"సీజనంత హైదరాబాద్ పోతె గదేం శుభమా? పసుపు వద్దంటలేను. లోపల వద్దంటున్న. మూత మీద పెట్టుకో, నీ ఇష్టం."

ఆమె ఆలోచించి, సరే గాని కుంకుమ గూడ పెడత అంది. ఒప్పుకున్నాను. స్పిరిట్‌లో ముంచిన దూదితో గూడు, గీతలు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ బిగించాను. ఈలోగా ఆమె మూత మీద బొట్లు పెట్టేసింది. బటన్ నొక్కాను. ఒక క్షణం నలుపు. తర్వాత వెలుగు! నేను అరిచిన అరుపుకు అత్తమ్మ కుంకుమ భరిణె కింద పడేసింది.

వర్ని ఫోల్డర్ తెరిచాను. ఫొటోలు తూము ఎత్తితే కాలువ నీళ్లు వచ్చినట్టు వచ్చి పడ్డాయి. గుండ్రం లేదు, తిరుగుడు లేదు. ఇన్నేళ్లూ నేను తపాలా బిళ్లంత బొమ్మలు చూసి, ఫొటోగ్రాఫర్ గుర్తు పెట్టినవే తెరిచి పని చేశాను. ఇప్పుడు ఏది కావాలంటే అది, ఎంత పెద్దగా కావాలంటే అంత! పందిరి గుంజలు, వడ్డనలు, మూలల్లో మనుషులు, అన్నీ తెరుచుకుంటూ పోయాను. తలంబ్రాల ఫొటో ఒకటి పెద్దది చేస్తుంటే మంటపం వెనక ఒక మూల పెళ్లికూతురి తల్లి కనిపించింది. కన్యాదానం కోసం పొద్దున్నుంచి ఒక్కపొద్దు ఉన్న మనిషి, ఆ తంతు అయిపోగానే అరటిపండు మొత్తం నోట్లో కుక్కుకుని, ఎవరైనా చూస్తున్నారా అని బెదిరిన కళ్లతో, ఆ కళ్లలోనే నీళ్లతో నిలబడింది. ఆ మూలను కత్తిరించి, పేజీ నిండా పెట్టాను.

ఫొటోగ్రాఫర్ వచ్చి కూర్చున్నాడు. పేజీలు చకచకా తిప్పాను. అతను తెరకు ఇంకా దగ్గరికి జరిగాడు. అరటిపండు దగ్గర నా చెయ్యి ఆపాడు.

"గది తీసెయ్యక్కా. పార్టీవోళ్లు నన్ను తంతరు."

"తన్నరు. పెండ్లిపిల్లకే పంపి అడుగు."

"రిస్క్ అక్కా."

"నువ్వు తీసిన ఫొటోనే గద, నీకే భయమా? పంపు!"

పంపించాడు. అతను ఫోన్ జేబులో పెట్టుకునేలోపే మోగింది. స్పీకర్ పెట్టమన్నాను. ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "అన్నా, మా అమ్మది గిసొంటి ఫొటో ఇంకెవ్వలు గూడ తియ్యలేదు. గిదే మొదటి పేజీ పెట్టుండ్రి."

అతను లేచి బయటికి వెళ్లి, బండి డిక్కీలోంచి ఇంకో రెండు డిస్కులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"హైదరాబాదోళ్లు ఎదురు చూస్తుండ్రేమో తమ్మీ?"

"ఊకో అక్కా. చాయ్ పోయరాదు."

"చాయ్ తర్వాత. ముందు గా డిస్కు వైరు ఇటియ్యి."