ఆగని మౌస్

ఏ యంత్రం మొరాయించినా ముందు వైరు పీకి చూసేవాడు కాబట్టి ఆసుపత్రిలో అతనికి వైరయ్య అనే పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు జీతమిచ్చేవాళ్లకు తెలిస్తే చాలని అతనూ ఊరుకున్నాడు. కంప్యూటర్లు బాగుచెయ్యడం అతని పని. ఎదుటివాళ్లు విసుక్కుంటే తట్టుకోలేకపోవడం అతని బలహీనత.

గుండె జబ్బుల వార్డులో నర్సమ్మ బల్ల మీద ఒక కంప్యూటరుంది. మంచాలన్నిటి గుండె లెక్కలూ అందులోనే కనిపిస్తాయి. ఎవరిదైనా లయ తప్పితే గంట మోగించేదీ అదే. వైరయ్య అందులో కొత్త సిస్టమ్ ఎక్కించినప్పటి నుంచి మౌస్‌కు పూనకం పట్టింది. బాణం గుర్తు ఉన్నచోటే బిగుసుకుపోయి, ఉన్నట్టుండి మూలకు దూకేది.

"ఇది నా చేతిలో ఉందో, నేను దీని చేతిలో ఉన్నానో తెలీడం లేదు తమ్ముడూ," అంది నర్సమ్మ.

వైరు చూశాడు. మౌస్ మార్చాడు. కొత్తదీ ఆ తానులో ముక్కే అయింది. అప్పుడు లోపలికి తొంగిచూశాడు. కంప్యూటరుకు ఇంటి పెద్దలాంటిది కెర్నెల్. ఏ పని ముందు, ఏది తర్వాత అని వంతులు వేసేది అందులోని షెడ్యూలరు. ఆ కొత్త షెడ్యూలరు మౌస్‌ను వరస చివర నిలబెడుతోంది. దొంగ దొరికాడనుకుని, మౌస్ కదిలినంతసేపూ మొదటి వంతు దానిదేనని ఒక్క ముక్క రాసిపెట్టాడు. బాణం గుర్తు నీళ్లలో చేపలా తిరిగింది. ఎవరిని ముందుకు తెచ్చాడో చూసుకున్నాడు గాని, ఎవరు వెనక్కి పోయారో చూడలేదు మహానుభావుడు.

ఆ వార్డుతో అతనికి సొంత పని కూడా ఉంది. తండ్రి పోయాక తనను పెంచిన అన్నయ్య తలుపు పక్క మంచం మీదే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్యను చూడటానికి వచ్చేసరికి కిటికీ పక్క పెద్దాయన మంచం ఖాళీగా ఉంది.

"పెద్దాయన తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. పుణ్యాత్ముడు, ఎవర్నీ లేపలేదు," అంది నర్సమ్మ, తెర మీదనుంచి కళ్లు తిప్పకుండా. "రాత్రి డ్యూటీ కూడా నాదే, అప్పుడు నేనిక్కడే కూర్చుని పని చేసుకుంటున్నా. నీ చేతి చలవ, మౌస్ ఒక్కసారీ ఆగలేదు."

వైరయ్య మురిసిపోతూ అన్నయ్య దగ్గరికి వెళ్లాడు. అన్నయ్య పెదవులు నల్లబడ్డాయి. తలగడ దగ్గరి చిన్న యంత్రం మీద ఎర్రదీపం కొట్టుకుంటోంది.

"అక్కా, ఇటు రా. అన్నయ్యకు బాలేదు."

"గంట మోగలేదే," అంటూ ఆమె తెర మీద అన్నయ్య లెక్క కోసం మౌస్ తిప్పుతూనే ఉంది.

మొదటి వంతు అందుకుని ఆమె చేతి కింద ఆగకుండా తిరుగుతున్న మౌస్ మీద వైరయ్య చూపు పడింది.

"అక్కా, మౌస్ మీదనుంచి చెయ్యి తియ్యి."

అర్థం కాకపోయినా ఆమె చెయ్యి తీసింది. గంట మోగింది.

డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. కాసేపటికి అన్నయ్య ఊపిరి దారిన పడింది. సమయానికి చూశావని అందరూ వైరయ్య భుజం తట్టారు. అతను బల్ల దగ్గరికి వెళ్లి, తను రాసిన ముక్క చెరిపేశాడు. బాణం గుర్తు మళ్లీ బిగుసుకుపోయింది.

ఈసారి నర్సమ్మ విసుక్కోలేదు.

"తమ్ముడూ," అంది, "పెద్దాయనప్పుడు కూడా గంట మోగలేదు."

కిటికీ పక్క మంచం మీద ఎవరో అప్పటికే ఉతికిన దుప్పటి పరిచి వెళ్లారు.