పైవాడి చెమట

ఆ భవనం కట్టేచోట క్రేన్ నడిపే మనిషిని అందరూ పైవాడు అనేవాళ్లు. అంత ఎత్తున గాజు గదిలో కూర్చుని, కిందివాళ్ల నెత్తిమీదుగా టన్నుల ఇనుము తిప్పేవాడికి అంతకంటే తగిన పేరు ఎవరికీ తోచలేదు. కింద నిలబడి రేడియోలో అతనికి దారి చెప్పేది స్వయానా భార్య తమ్ముడు. బావాబావమరుదులు కావడంతో ఆ రేడియోలో పని మాటలకంటే వెక్కిరింతలే ఎక్కువ. కిందనుంచి ఒకటంటే పైనుంచి నాలుగు వచ్చి పడేవి. ఇంజనీరు మొదట్లో మందలించాడు, తర్వాత పట్టించుకోవడం మానేశాడు.

పైవాడికి షుగర్ ఉందని అక్కడ బావమరిదికి తప్ప ఎవరికీ తెలియదు. కంపెనీకి తెలిస్తే ఆ గదిలోంచి దింపేస్తారని భయం. ఆ గదంటే బావకి ప్రాణం. అందులో కూర్చుంటే తప్ప తను ఎందుకూ కొరగానని అతని నమ్మకం. షుగర్ మాత్ర వేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగర్ పడిపోయి చేతులు వణికేవి. వణుకు మొదలవగానే పని ఆపి, జేబులోని గ్లూకోజ్ పొడి నోట్లో పోసుకునేవాడు. ఇన్నేళ్లూ ఆ వణుకే అతన్ని కాపాడుతూ వచ్చింది.

ఈమధ్య గుండె దడగా ఉంటోందని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాడు. షుగర్ మాత్ర సంగతి అక్కడా చెప్పలేదు. దాచడం అలవాటైనవాడికి ఎక్కడ దాచాలో, ఎక్కడ దాచకూడదో తెలియకుండా పోతుంది. కొత్త మాత్రతో దడ తగ్గింది, వణుకూ పోయింది. "చూశావురా, కుర్రాడి చేతుల్లా ఎలా ఉన్నాయో," అని చాపి చూపించాడు. బావమరిది కూడా సంతోషించాడు. ఇద్దరిదీ తెలివితక్కువ సంతోషమే.

ఆ రోజు భోజనాల వేళ దాటిపోయింది. ఇనుప చువ్వల మోపు గాల్లో ఉంది.

"మెల్లగా బావా. మా అక్క వంట తిని తిని చేతులు కూడా మొద్దుబారాయా?"

"ఊ."

బావమరిది రేడియోను చెవికి ఆనించుకున్నాడు. ఇంకేమీ రాలేదు. అక్క వంటను ఏమైనా అంటే ఊరుకునే మనిషి కాదు బావ. తల ఎత్తి చూస్తే, మోపు ఆగాల్సిన చోటు దాటి, చెక్కలు బిగిస్తున్న పనివాళ్ల వైపు జరుగుతోంది. ఈల ఊదాడు. పనివాళ్లు చెల్లాచెదురయ్యారు. ఒకడు మాత్రం నడుముకున్న బెల్టు కొక్కెం ఊడక, కమ్మీ దగ్గరే పెనుగులాడుతున్నాడు.

"బావా, ఆపు. షుగర్ పడిపోయినట్టుంది నీకు."

"చెయ్యి వణకట్లేదుగా." మాట ముద్దముద్దగా ఉంది. "చెమట పోస్తోందంతే. ఎండ."

ఆ గదికి ఏసీ ఉంది.

"అక్క మీద ఒట్టు బావా. లీవర్ వదిలెయ్. రెండు చేతులూ తీసెయ్."

మోపు ఇంకా జరిగింది. తర్వాత ఒక్క కుదుపుతో నిలిచి, బెల్టువాడి తలమీద అటూ ఇటూ ఊగింది. కొక్కెం ఊడింది, వాడు పాక్కుంటూ బయటపడ్డాడు.

"ఇప్పుడు జేబులో పొడి. మొత్తం పోసుకో. వినపడిందా?"

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. బావమరిది బావా, బావా అంటూనే ఉన్నాడు. అక్కకి ఏమని చెప్పాలో అన్న ఆలోచన కూడా మనసులో మొదలైపోయింది.

"ఒరేయ్ దరిద్రుడా," అంది రేడియో చివరికి. "ఆ వంట ముక్కేదో ఇంటికొచ్చి మీ అక్క ముందు అను, చూస్తాను."

బావమరిది ఇసుక కుప్పమీద కూలబడి అందరిముందూ ఏడ్చాడు.

బావ మోపు దించి, తనూ దిగి, నేరుగా ఇంజనీరు దగ్గరికి వెళ్లి తన షుగర్ గురించి చెప్పేశాడు. ఇంజనీరు పంపించిన డాక్టరు రెండు మాత్రలూ ఒకచోట పెట్టుకుని చూసింది. "దడకి ఇచ్చిన ఈ మాత్ర, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకునీ దడనీ తెలియనివ్వదు. చెమటని మాత్రం ఆపదు. చెమట పడితే ఎండో కాదో ఆలోచిస్తూ కూర్చోకండి," అంది. మందులు మార్చింది. షుగర్ నిలకడగా ఉందని తను చెప్పేదాకా క్రేన్ ఎక్కొద్దంది.

ఇప్పుడు గాజు గదిలో వేరే మనిషి ఉన్నాడు. బావ కింద చువ్వలు లెక్కపెడుతున్నాడు. పైకి చూడనట్టే ఉంటాడు గానీ, మోపు కదిలినప్పుడల్లా అతని వేళ్లు కూడా కదులుతుంటాయి.

నిన్న భోజనానికి ముందు అతని నుదుటిమీద చెమట కనపడింది. "ఏంటి బావా అది?" అన్నాడు బావమరిది.

ఎండ అనడానికి బావ నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని, జేబులో చెయ్యి పెట్టాడు.