బిగిసిన భుజం, బీరతీగ

ఆ రోజు పొద్దున జడ వేసుకోబోతే నా కుడి చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. పడక సరిగా కుదరలేదేమో అనుకుని పనికి కూర్చున్నాను. మాది కొండపల్లి. మా ఆయన చెక్కబొమ్మలు చెక్కుతారు, నేను రంగులు వేస్తాను. మా ఇంట్లో బొమ్మలకు కళ్లు దిద్దేది నేనొక్కదాన్నే. ఆ విషయంలో నాకు కాస్త గర్వం కూడా ఉంది. ఆ రోజు ఏనుగు మీది మావటివాడికి కన్ను దిద్దుతుంటే భుజం చురుక్కుమంది. కుంచె వాడి చెంప మీదికి జారింది.

నెల తిరిగేసరికి జాకెట్ తొడుక్కోవడానికి కూడా మా అమ్మాయిని పిలవాల్సి వచ్చింది. అయినా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. చెక్కిన బొమ్మల్లో తడి పోవడానికి వాటిని సన్నని సెగ మీద ఆరబెట్టడం మా పనిలో మామూలే. "చెక్కకి పనికొచ్చింది నీ భుజానికి పనికిరాదా? రోజూ కాసేపు సెగ చూపించు, అదే వదులవుద్ది," అన్నారు మా ఆయన. నాకూ సబబుగానే తోచింది. నాలుగు రోజులు కుంపటి పక్కన కూర్చుని, లేచిన ప్రతిసారీ ఆయన చేత చెయ్యి పైకి లాగించుకున్నాను. వెచ్చగా హాయిగా ఉందనుకున్నానే గాని, కాలుతున్నట్టు తెలియలేదు. ఐదో రోజు భుజం వెనక బొబ్బలు కనిపించాయి.

అప్పుడు విజయవాడ పరుగెత్తాం. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే, బ్లడ్ టెస్ట్ చేయించారు. షుగర్ బయటపడింది. బొమ్మల్లా సెగ చూపించుకున్న సంగతీ చెప్పాం.

"ఫ్రోజెన్ షోల్డర్ అమ్మా, భుజం కీలు బిగుసుకుపోయింది. షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది. వేడి కూడా సరిగా తెలియకపోవచ్చు, కాలితే త్వరగా మానదు. మీరేమన్నా బొమ్మా, సెగ మీద పెట్టుకోడానికి?" అన్నారు. మా ఆయన తల ఎత్తలేదు.

"మళ్లీ కుంచె పట్టగలనా అండీ?" అని అడిగాను.

"పట్టగలరు. ఏడాది పట్టొచ్చు. తొందరపడొద్దు."

ఏడాది అన్న మాటకి ఆస్పత్రి మెట్ల మీదే ఏడ్చేశాను. కళ్లు దిద్దకపోతే ఆ ఇంట్లో నేనెందుకు అనిపించింది.

పుండు మానాక ఫిజియోథెరపీ మొదలైంది. నేను పళ్లు బిగబట్టి చెయ్యి ఎత్తేదాన్ని. మర్నాటికి నొప్పి రెట్టింపయ్యేది. ఫిజియో మేడం తై చీ అని మెల్లగా కదులుతూ చేసే చైనా వ్యాయామం కూడా నేర్చుకున్నారట. "మీరు భుజంతో కుస్తీ పడుతున్నారండీ. చైనాలో పూర్వం తావో అని ఒక దారి చెప్పేవాళ్లు. నీళ్లు పల్లం చూసుకుని పోతాయి గాని గట్టుతో పోట్లాడవు కదా, మనిషీ అలాగే ఉండాలని. ఇంటి దగ్గర ఏదైనా మొక్క ముందు నిలబడి, దాన్ని చూస్తూ చెయ్యి ఊపండి," అన్నారు.

"మందు చెప్పమంటే చైనా కబుర్లు చెబుద్దేంటి ఈవిడ!" అని బస్సులో మా ఆయన దగ్గర విసుక్కున్నాను.

మా పెరట్లో బీరపాదు ఉంది. ముందుకు వంగి, చెయ్యి వేలాడేసి ఊపుతూ దాన్నే చూశాను. ఒక తీగ దారి తప్పి గాల్లో ఊగుతోంది. దాన్ని లాగి తాడుకి చుట్టబోతే పుటుక్కున తెగింది. మనసు చివుక్కుమంది. మరో తీగ పక్కన ఊరికే ఒక పుల్ల గుచ్చి వదిలేశాను. మర్నాటికి అదే చుట్టుకుంది. నాలో నేనే నవ్వుకున్నాను. ఆ రోజు నుంచి చెయ్యిని లాగడం మానేశాను. నొప్పి మొదలైన చోట ఆగి, ఊపిరి తీసుకుని దించేసేదాన్ని.

దసరా బొమ్మల హడావుడిలో తొందరపడొద్దన్న మాట మరిచి పొద్దంతా రంగులు వేశాను. మళ్లీ చెయ్యి పట్టేసింది. మూడు వారాలు వెనక్కి పోయాను. మేడం తిట్టలేదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించారు.

వైద్యం మొదలైన ఎనిమిదో నెలలో ఒకసారి ఆవిడ దగ్గరికి వెళ్తుంటే బస్సులో సీటు దొరకలేదు. డ్రైవరు సడన్ బ్రేక్ వేశాడు. నేను పడిపోలేదు. మా ఆయన నా వైపే చూస్తూ, "ఏ చేత్తో పట్టుకున్నావో చూసుకో," అన్నారు. తలెత్తి చూశాను. పైన కడ్డీని పట్టుకున్నది కుడి చెయ్యే. బస్సు నిండా జనం ఉన్నా నాకు ఏడుపాగలేదు. ఆయన కళ్లూ చెమర్చాయి.

ఇప్పుడు షుగర్ మాత్రలు వేసుకుంటున్నాను, రోజూ కళ్లు దిద్దుతున్నాను. చెయ్యి వీపు వెనక్కి ఇంకా పూర్తిగా పోదు. మీలో ఎవరికైనా భుజం పట్టేస్తే ముందు షుగర్ చూపించుకోండి. డాక్టరు చెప్పిన వ్యాయామం ఒక్క రోజు కూడా మానకండి. నొప్పి మొదలైన చోట ఆగి, చెయ్యి దించేయండి. మిగతాది రేపు చూసుకోవచ్చు.