పాట విన్నాకే కుంచె పట్టిన మనిషి

పోదనూరు నుంచి అమ్మ ఫోను చేసినప్పుడు నేను మదురైలో పాఠం చెప్పడానికి తరగతిలోకి అడుగు పెట్టబోతున్నాను. "తమ్ముడు పోయినాడు కన్నూ" అంది. నా మేనమామ దొరసామి, చిత్రకారుడు, గ్రంథ రూపశిల్పి, కొయ్యపనిలో సిద్ధహస్తుడు, ఇక లేరన్న వార్త అది. పొద్దున కాఫీ తాగి, పెరటి కొట్టంలో చెక్కకు చిత్రిక పడుతూ అలాగే పక్కకు ఒరిగిపోయారట. జబ్బు లేదు, పడక లేదు. ముందురోజే ఫోనులో నన్ను ఎప్పటిలాగే ఆటపట్టించిన మనిషి. బస్సు కోయంబత్తూరు చేరేదాకా ఎవరో పొరబడి ఉంటారనే నా మొండి మనస్సు వాదిస్తూ వచ్చింది.

మా ప్రాంతంలో తమిళ పుస్తకాలు చదివేవారు ఆయన పేరు ఎరగకపోయినా ఆయన చేతిని ఎరుగుదురు. మదురై, కోయంబత్తూరు ప్రచురణకర్తలకు దశాబ్దాల పాటు ముఖచిత్రాలు వేశారు, పుటల అమరిక చేశారు. తెలుగు పాఠకులకు మాత్రం ఆయన అపరిచితులు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇదే కదా తమిళనాడులో పుట్టి పెరిగిన మా తెలుగువాళ్ళందరి చదువు. మామకు తెలుగు మాట ఉగ్గుపాలతో వచ్చింది, తెలుగు అక్షరం మాత్రం చివరిదాకా రాలేదు. నేను పెద్దయ్యాక నేర్చుకున్న ఆ అక్షరాలలోనే ఆయనకు నివాళి రాయవలసి రావడం నాకు కష్టంగా ఉంది. రాస్తే చదివి వినిపించమని పక్కన కూర్చునే మనిషి ఇప్పుడు లేరు.

మామ పెళ్ళి చేసుకోలేదు. అక్క ఇంట్లోనే, అంటే మా ఇంట్లోనే ఉండేవారు. మిద్దె మీది గదిలో బొమ్మలు, పుస్తకాల పని, పెరటి కొట్టంలో కొయ్యపని. ఈ మూడు విద్యల్లో మీకు ఏది ఇష్టమని ఎవరైనా అడిగితే ఆయనకు విసుగు. "అన్నం, కొళంబు, మజ్జిగ అని మూడుసార్లు కూకొని తింటారా ఏం? ఒకే కంచం గదా" అనేవారు.

ఒకసారి మిల్లు కార్మికుల జీవితం మీద వచ్చిన నవలకు ముఖచిత్రం అడిగారు. ప్రచురణకర్త గట్టిగా చెప్పాడు, ఆడమనిషి ముఖం ఉంటేనే అంగట్లో కళ్ళబడుతుందని. మామ నవల మొత్తం చదివి, ఒక టిఫిన్ క్యారియరు వేసి ఇచ్చారు. బల్ల చివర పెట్టి ఉంటుంది, పైగిన్నె మూత సగమే పెట్టి. ప్రచురణకర్తకు ఒళ్ళు మండింది. ఇదేమన్నా పాత్రల అంగడి బోర్డా అని కేకలేశాడు. మామ చల్లగా, "తినకముందే సైరన్ కూసింది సార్, వదిలిపెట్టి పోయినాడు. మీరడిగిన ఆడమనిషి కట్టిన కూడు లోపలే ఉండాది, చూడండి" అన్నారు. ఆ బొమ్మే అచ్చయింది. మా వీధిలో మిల్లు పని చేసి దిగిపోయిన ఒక పెద్దాయన ఆ పుస్తకాన్ని కొని, చదవకుండా గూట్లో నిలబెట్టి పెట్టుకున్నాడు.

స్టిల్ లైఫ్ అని చిత్రకారులు పిలిచే ఆ నిశ్చల వస్తుచిత్రాలే మామ ప్రాణం. పొల్లాచ్చి తోటల్లో ఎండబోసిన కొబ్బరి చిప్పలు, అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముంత, ఎవరో విప్పిన చెప్పులు. మనుషులను వేయరేం మామా అని అడిగాను. "వేస్తానే ఉండాను. సామాను ఊరకే ఉండదు కన్నూ. ఎవురో ఇప్పుడే దింపి పోయినట్టుండాల" అన్నారు. ఆ మాటలోని కారుణ్యం నాకు అప్పుడు పూర్తిగా బోధపడలేదు. ఇప్పుడు ఆ కొట్టంలో చిత్రిక, దాని నోట్లో ఇరుక్కున్న చెక్కపొట్టు చూసినప్పుడు బోధపడింది.

కుర్చీలు, బల్లలు ఆయన రైలు పట్టాల కింద నుంచి తీసేసిన పాత స్లీపరు చెక్కతో చేసేవారు. కూర్చోబోయే మనిషిని చూడకుండా కుర్చీకి కొలత గీసేవారు కారు. కాస్త ఒళ్ళు చేసిన నన్ను చూసి, "భయపడకుండా కూకో. గూడ్సు బండినే మోసింది, నిన్ను మోయదా?" అని అందరి ముందూ అనేవారు. నాకు ఉక్రోషం వచ్చేది, ఆ కుర్చీ మాత్రం నా ఒంటికి కుట్టినట్టు ఉండేది.

ఆయన చివరి సంవత్సరాలన్నిటినీ ఒక్క పుస్తకమే తీసుకుంది. మా ఆడవాళ్ళు పనిపాటల్లో పాడుకునే తెలుగు పాటలను నేను సేకరించాను. పాడేవాళ్ళంతా వయసు మళ్ళినవాళ్ళు. వాళ్ళతోపాటు పాటలూ పోతాయని నా దిగులు. పుస్తకానికి రూపం మీరే ఇవ్వాలి మామా అని అడిగాను. నమూనా ప్రతి కట్టి, వీధి ఆడవాళ్ళను పిలిచి చూపించారు. అందరూ చేతులు మార్చుకుని, పుటలు నిమిరి, బాగుండాది బాగుండాది అన్నారు. నా వంతు వచ్చేసరికి చూస్తే ఒక పుట తలకిందులుగా అతికించి ఉంది! మామ గుర్తించలేదు, పాట పాడిన అమ్మ గుర్తించలేదు, వీధిలో ఒక్కరూ గుర్తించలేదు. మొదట మామే పడీపడీ నవ్వారు. తర్వాత ఆ ప్రతిని ఒళ్ళోకి తీసుకున్నారు. "మా పాట మా చేతికిచ్చినా మాకు తెలీలేదే పాపా" అన్నారు.

ఆ తలకిందుల పుట నుంచే పుస్తకం అసలు రూపం పుట్టింది. కుడి పుటలో పాట, ఎడమ పుటలో ఆ పాటకు సంబంధించిన వస్తువు బొమ్మ. తిరగలి కనబడితే విసురు పాట, చీర ఉయ్యాల కనబడితే జోలపాట. అక్షరం రాని ఆడమనిషి కూడా పుట తిప్పి, వస్తువును గుర్తుపట్టి, పాట ఎత్తుకోగలదు. మామ అంతటితో ఊరుకోలేదు. నేల మీద కూర్చుని బియ్యం చెరుగుతూనే చూసుకోవడానికి వీలుగా పుస్తకం ఆనించే పొట్టి పీట ఒకటి చేశారు. అమ్మ దాని ముందు కూర్చుని మొదటి పాట ఎత్తుకున్న పూట మామ ముఖంలోని ఆనందం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆ బొమ్మలకు ఆయన పెట్టుకున్న నియమం ఒక్కటే, పాట చెవిన పడనిదే కుంచె ముట్టరు. చిన్నమనూరులో ద్రాక్ష కోత పాట తెలిసిన అవ్వ ఉందంటే బస్సెక్కి పోయాం. అవ్వకు కోత పని, పాడే తీరిక లేదు. తెచ్చి పెట్టిన ద్రాక్ష గుత్తి మా ముందే వడలిపోతోంది. "ముందు బొమ్మ వేసుకోండి మామా, పాట తర్వాత వింటాం" అన్నాను. "పాట లేకుండా వేస్తే పండ్ల అంగడి బోర్డు అయితాది" అని కదలకుండా కూర్చున్నారు. అందుకే ఆ పుటలోని ద్రాక్ష కొంచెం వాడి ఉంటుంది. అవ్వ చూసి, మా గుత్తి ఇంత అధ్వాన్నంగా ఉండదని తగువేసుకుంది కూడా.

అన్ని పాటలూ వచ్చాయి, ఒక్కటి తప్ప. శవం ముందు ఆడవాళ్ళు ఏడుస్తూ పాడే ఒప్పారి. మా వాళ్ళలో అమ్మ అంత బాగా ఎత్తుకునేవాళ్ళు ఇప్పుడు లేరు. కానీ చావు లేని ఇంట్లో ఆ పాట పలకకూడదు, పరాయి చావింట కాగితం తీయడానికి నాకు మనసొప్పదు. ఎంత బతిమాలినా అమ్మ ఒప్పుకోలేదు. "ఒప్పారి పాడితే సావును పేరు పెట్టి పిలిచినట్టు. నీ పుస్తకం కోసం నా ఇంటికి దాన్ని పిలవమంటావా?" అని కసిరింది. పోనీ ఆ పాట లేకుండానే అచ్చు వేద్దామని నేను, కాదని మామ. పాడినవాళ్ళు బతికుండగా పుస్తకం చేతికి రావాలి మామా అని గట్టిగానే అన్నాను. "పుట్టిన పాట ఉండాది, పెండ్లి పాట ఉండాది. సావు పాట లేకుంటే అది మన బతుకు ఎట్లయితాది? రెండు పుటలు వదిలిపెట్టు. వచ్చినప్పుడు వస్తాది" అన్నారు.

ఆ మొండితనంతో పుస్తకం ఆగిపోయింది. అమ్మను ఉడికించడానికి మామకు అదొక సాకు. "నువ్వు ముందు పోతే పాడేదెవురక్కా? ఎట్ల చూసినా నేనే ముందు పోవాల" అనేవారు. అమ్మ చేతిలో ఉన్న గరిటె ఎత్తి "నోరు మూసుకోరా" అనేది. మేము నవ్వేవాళ్ళం.

నేను ఇల్లు చేరేసరికి ముంగిట షామియానా వేసి ఉంది. అమ్మ మామ తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసిందో లేదో, గొంతెత్తింది.

"కొడవలి పట్టక కుంచె పట్టినావే తమ్ముడా,
కూలికి పోకుండా కుర్చీ చేసినావే తమ్ముడా,
నా చేతి ముంతను పటంలో పెట్టినావే తమ్ముడా,
నీ చేతిని నేను యాడ పెట్టుకుందునే తమ్ముడా."

వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరి అందుకున్నారు. నేను సేకరించడానికి అన్నేళ్ళు తిరిగిన పాట అది. అప్పుడు నాకు కాగితమూ గుర్తు రాలేదు, పుస్తకమూ గుర్తు రాలేదు. ఏడ్చాను.

పెద్దకర్మ కాకముందే అమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "ఈ ఇంట్లో ఇప్పుడు పాడొచ్చు. రాసుకో. మళ్ళీ అడిగితే పాడను" అంది. ఆమె కళ్ళు తుడుచుకుని మెల్లగా పాడింది, నేను రాసుకున్నాను. కుడి పుట నిండింది. ప్రెస్సువాళ్ళు ఎడమ పుట మాటేమిటని అడిగారు. మామ పద్ధతిలోనే వేసి ఇస్తానని ఒక యువ చిత్రకారుడు భక్తితో ముందుకు వచ్చాడు. కాదనడానికి నాకు కారణం తోచక అమ్మను అడిగాను.

"వాడు వినలేదు గదా ఈ పాట" అంది అమ్మ. "వినకుండా బొమ్మ ఎట్లొస్తాది?"

పుస్తకం అచ్చుకు పోయింది. ఆ ఎడమ పుట తెల్లగానే ఉంటుంది. మామా, మీకు నా నమస్కారం. ఆ పుట నింపగల చెయ్యి మాకు ఇక లేదు.